హీటరు చల్లబడితే ముల్లు చూడండి



కారు ఇంజను గురించి ఆడవాళ్లకు ప్రసంగమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోనివ్వండి. మిన్నెసోటాలో, మిషిగన్‌లో, కెనడాలోని ఆల్బర్టాలో, మానిటోబాలో మన తెలుగమ్మాయిలు ఎంతోమంది తెల్లవారకముందే లేచి, కారుమీద పేరుకున్న మంచు గీకి, బిడ్డను వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించి, బడికో ఆఫీసుకో తామే నడుపుకుంటూ వెడుతున్నారు. పురుడు పోయడానికో, మనవల్ని చూసుకోవడానికో వెళ్లిన తల్లులు వాళ్ల పక్కసీట్లో కూర్చుంటున్నారు. బయట సున్నాకు 20 డిగ్రీలు కింద వున్నప్పుడు కారులో హీటరు భోగవస్తువు కాదు. ముందద్దం మీది మంచు కరిగేది దానివల్లే, పసివాడి వేళ్లు కొంకర్లు పోకుండా వుండేది దానివల్లే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి వుంది. హీటరు చల్లబడడం ఒక్కోసారి ఇంజను పంపే మొదటి కబురు. దాన్ని అందుకుంటే చిన్న ఖర్చుతో పోతుంది. అందుకోకపోతే ఇంజనే పోతుంది. ఆ కబురు ఎలా చదువుకోవాలో ఇవాళ చెప్పుకుందాం.

పెట్రోలు కారులో హీటరంటే ఇంట్లో కరెంటు హీటరులాంటిది కాదు. దానికంటూ వేరే నిప్పు లేదు. ఇంజనులో కాలిన పెట్రోలులో చక్రాలకు అందే శక్తి తక్కువ. ఎక్కువ భాగం వేడిగా మారిపోతుంది. కొంత పొగగొట్టంలోంచి పోతుంది, కొంత ఇంజను గోడలకు పడుతుంది. ఆ గోడల మధ్యనుంచి కూలంటు అనే రంగునీళ్లను ఒక పంపు ఎడతెగకుండా తిప్పుతూ వుంటుంది. డాష్‌బోర్డు వెనకాల, పుస్తకమంత పరిమాణంలో, చిన్న రేడియేటరు ఒకటి దాగి వుంటుంది. దాన్ని హీటరు కోర్ అంటారు. వేడెక్కిన కూలంటు అందులోంచి పోతూ వుంటే, ఫ్యాను దానిమీదుగా గాలి ఊదుతుంది. మనకు తగిలే వెచ్చదనమంతా అదే. వంటయ్యాక పొయ్యిలో మిగిలిన సెగమీద స్నానానికి నీళ్లు పెట్టుకునేవాళ్లం చూడండి, అలాగన్నమాట. పొయ్యి సరిగ్గా మండకపోయినా, గిన్నెలో నీళ్లు లేకపోయినా, మనకు వేడినీళ్లు లేవు.

ఇంజనుకూ, కారు ముందుభాగాన వుండే పెద్ద రేడియేటరుకూ నడుమ థర్మోస్టాట్ అనే ఒక చిన్న తలుపు వుంటుంది. అందులో వేలెడంత డబ్బీ, డబ్బీలో మైనం. నీళ్ల వేడి 80 నుంచి 95 డిగ్రీల సెంటిగ్రేడు మధ్యకు వచ్చేసరికి (ఆ అంకె కారును బట్టి మారుతుంది) మైనం కరిగి ఉబ్బి తలుపును తోస్తుంది. అప్పటిదాకా పెద్ద రేడియేటరుకు నీళ్లు పోవు. ఇంజను త్వరగా వేడెక్కాలని ఆ ఏర్పాటు. కాబట్టి బయలుదేరిన మొదటి పది నిమిషాలు హీటరు చల్లగాలి కొడుతోందంటే అది రోగం కాదు. మైనస్ 25, 30 డిగ్రీల్లో ఇంకా ఎక్కువసేపే పట్టవచ్చు. ఎక్కగానే ఫ్యాను పెద్దది పెట్టి వణుకుతూ కూర్చోవడం అనవసరం. నీళ్లు కాస్త వెచ్చబడేదాకా చిన్నదిగా వుంచి, అద్దానికి గాలి తగిలేటట్టు పెట్టుకుంటే చాలు. ఇంటిముందు నిలబెట్టి అరగంట ఇంజను తిప్పడం కన్నా, ఒకటి రెండు నిమిషాలు ఆగి, అద్దాలన్నీ శుభ్రంగా కనబడుతున్నాక మెల్లగా నడుపుకుంటూ పోతేనే త్వరగా వేడెక్కుతుంది. ఎడ్మంటన్, విన్నిపెగ్ వంటి ఊళ్లలో కారు ముందునుంచి ఒక ప్లగ్గు వేలాడుతూ వుంటుంది. కొత్తగా వెళ్లిన అమ్మలు చూసి ఇదేమిటని ఆశ్చర్యపోతారు. రాత్రిపూట కరెంటుతో ఇంజనును వెచ్చగా వుంచే బ్లాక్ హీటరు అది. దానితో ప్రొద్దున్నే స్టార్టవడమూ సులువు, హీటరు వేడెక్కడమూ త్వరగా జరుగుతుంది.

ఇక ముల్లు సంగతి. స్పీడు మీటరు పక్కన వేడి చూపించే చిన్న మీటరు వుంటుంది. చాలా కార్లలో ఆ ముల్లు నడిమికి వచ్చి మేకు కొట్టినట్టు అక్కడే వుండిపోతుంది. ఇప్పటి చాలా కార్లలో ఇది కావాలని చేసిన పని. నీళ్ల వేడి కొద్దిగా హెచ్చినా తగ్గినా నడిపేవాళ్లు కంగారుపడకుండా ముల్లును నడిమినే నిలబెడతారు. కొన్ని కార్లలో అసలు ముల్లే లేదు. చల్లగా వుంటే నీలం దీపం, ఉడికిపోతే ఎర్రదీపం, అంతే. నాకైతే ఇది బొత్తిగా నచ్చని పద్ధతి. రోగికి జ్వరం వుందా లేదా చెప్పి, ఎంత వుందో దాచిపెట్టినట్టుంటుంది. ఏమైనా, నడిమినుంచి ముల్లు కదిలిందంటే లోపల చాలానే జరిగిందని అర్థం. 1996 నుంచి అమెరికాలో అమ్మిన కార్లన్నిటికీ స్టీరింగు కింద ఒక సాకెట్టు వుంటుంది. దానికి తగిలించే చిన్న పరికరం కొద్ది డబ్బుకే దొరుకుతుంది. అది ఫోనులో నీళ్ల వేడి ఎన్ని డిగ్రీలో అంకెలతో చూపిస్తుంది. ముల్లు దాచిన సంగతి అది చెబుతుంది.

ముల్లునూ హీటరునూ విడివిడిగా చూడకూడదు. రెంటినీ కలిపి చూడాలి. అసలు కిటుకంతా ఇక్కడే వుంది.

ఇరవై నిమిషాలు నడిపినా ముల్లు నడిమికి రాలేదు, హీటరు గోరువెచ్చగానే వుంది అనుకోండి. ఊళ్లో సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు కాస్త నయం, పెద్దరోడ్డెక్కి వేగంగా పోతుంటే ముల్లు మళ్లీ దిగిపోతుంది. ఇది ఇంచుమించు తప్పకుండా థర్మోస్టాట్ తలుపు తెరుచుకుని బిగుసుకుపోవడమే. ఇంజను వేడెక్కకముందే నీళ్లు పెద్ద రేడియేటరుకు పోతున్నాయి, అక్కడ చలిగాలి వాటిని చల్లార్చి పంపిస్తోంది. కిటికీ తెరిచిపెట్టి గది వెచ్చబెట్టుకున్నట్టు. ఇంజను దీపం కూడా వెలగవచ్చు. అప్పుడు మెకానిక్కు యంత్రం పెట్టి 'పి 0128' అనే సంకేతం వచ్చిందంటాడు. ఇంజను వుండవలసినంత వేడిగా లేదని దాని అర్థం. కూలంటు తక్కువైనా ఆ సంకేతం రావచ్చు గనుక ముందు అది చూడమనండి. ఈ జబ్బుతో కారు ఆగిపోదు. అందుకే చాలామంది చలికాలమంతా కోట్లు వేసుకుని లాక్కొస్తారు. కాని పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంజను ఆయిలులో చేరిన తేమ ఆవిరికాక అక్కడే వుండిపోతుంది. థర్మోస్టాట్ ఖరీదైన వస్తువు కాదు. మార్పించేయడం మంచిది.

ముల్లు చక్కగా నడిమిన వుంది, హీటరు మాత్రం చల్లన. ఇప్పుడు ఇంజను వేడిగానే వుంది, ఆ వేడి మనదాకా రావడంలేదు. మొదట గాలి వస్తోందా లేదా చూడండి. గాలే రాకపోతే ఫ్యాను మోటారో, ఫ్యూజో పోయింది. ఫ్యాను పెద్ద స్పీడులో మాత్రమే తిరిగి తక్కినవాటిలో తిరగకపోతే, రెసిస్టర్ అనే చిన్న భాగం కాలిపోయిందన్నమాట. అది పెద్ద పని కాదు. గాలి బాగానే వస్తూ చల్లగా వుంటే, వేడిగాలినీ చల్లగాలినీ కలిపే తలుపు ఒకటి డాష్‌బోర్డు లోపల వుంటుంది, అది కదలడం మానివుండవచ్చు. వేడి మీట తిప్పగానే లోపలినుంచి టిక్ టిక్ టిక్ మని చప్పుడు వచ్చి ఆగిపోతే ఆ తలుపు నడిపే చిన్న మోటారు పళ్లు అరిగాయని అనుమానించండి. డ్రైవరువైపు వేడి, పక్కసీటువైపు చల్లన అయినా చాలాసార్లు ఇదే కారణం.

తలుపు బాగానే వుంటే, బానెట్టు ఎత్తి హీటరుకు పోయే రెండు రబ్బరు గొట్టాలు ఎక్కడున్నాయో మెకానిక్కును చూపించమనండి. ఇంజను వేడెక్కాక రెండూ వేడిగా వుండాలి. ఒకటి వేడి, రెండోది చల్లన అయితే నీళ్లు హీటరు కోరులోంచి పోవడంలేదు. లోపల మడ్డి పేరుకునివుండవచ్చు, గాలి చిక్కుకునివుండవచ్చు, కూలంటే తక్కువై వుండవచ్చు. ఈ గొట్టాలను మీరే తాకబోతే ముందు ఇంజను ఆపండి. కొంగులు, చున్నీలు, మఫ్లర్లు బెల్టులకు దూరంగా వుండాలి సుమా. ఇంజను ఆగినా ముందున్న ఫ్యాను తనంతట తాను తిరగవచ్చు.

కారు పోతున్నంతసేపూ వెచ్చగా వుండి, సిగ్నలు దగ్గర ఆగగానే హీటరు చల్లబడుతోందా? కదలగానే మళ్లీ వేడొస్తోందా? దీన్ని తేలికగా తీసుకోవద్దు. హీటరు కోర్ సాధారణంగా కూలంటు తిరిగే దారిలో ఎత్తైన చోట వుంటుంది కనుక కూలంటు తగ్గితే చాలాసార్లు మొదట ఎండిపోయేది అదే. ఇంజను వేగంగా తిరిగినప్పుడు పంపు నీళ్లను పైకి తోస్తుంది, మెల్లగా తిరిగినప్పుడు తోయలేదు. పంపే బలహీనపడినా ఇలాగే జరుగుతుంది. ముల్లు ఇంకా నడిమినే వుంటుంది. ఏమీ కాలేదనుకుంటాం. నేను మొదట చెప్పిన కబురు ఇదే.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ముల్లు పైకి పోతోంది, హీటరు చల్లగాలి కొడుతోంది. ఇంజను ఉడుకుతూ వుంటే హీటరు చల్లగా వుండడమేమిటి? హీటరుదాకా పోవడానికి నీళ్లు లేవు కనుక. వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపేయాలి. ఇంటికి ఇంకా రెండు మైళ్లే కదా అనుకోవద్దు. ఆ రెండు మైళ్లలో ఇంజను తల వంగిపోయి, కారు ఖరీదులో సగం పోవచ్చు. ఇంకో చిక్కుంది. వేడి చూపించే పరికరం నీళ్లలో మునిగివుంటేనే నిజం చెబుతుంది. నీళ్లు పూర్తిగా పోయాక దానికి తగిలేది ఆవిరీ గాలీ కనుక ముల్లు కిందికి దిగిపోవచ్చు కూడా. పైకి పోయిన ముల్లు ఉన్నట్టుండి పడిపోతే గండం తప్పిందని సంతోషించకండి.

ముల్లు పైకి పోతూ హీటరు మాత్రం వేడివేడి గాలి ఇస్తుంటే నీళ్లున్నాయి, పెద్ద రేడియేటరుకు చేరడంలేదు అని అర్థం. అప్పుడు హీటరు పూర్తి వేడిలో పెట్టి, ఫ్యాను పెద్దది చేస్తే ఇంజను వేడి కొంత లోపలికి లాగబడుతుంది. రోడ్డు పక్కన క్షేమమైన చోటు చేరేదాకా అది సాయం చేస్తుంది.

బయట గడ్డకట్టే చలి, లోపల ఇంజను ఉడికిపోవడం, ఇది వినడానికి విడ్డూరంగా వుంటుంది కదూ? కాని ఉత్తరాది చలిలో ఇది జరిగే పనే. మన వేడి ఊళ్లలో కూలంటు తగ్గితే రేడియేటరులో బిందెడు నీళ్లు పోయడం అలవాటు. లంబసింగిలోనో అరకులోనో తెల్లవారుజామున ఎముకలు కొరికే చలి వేసినా మధ్యాహ్నానికి ఎండెక్కుతుంది, దెబ్బ తెలియదు. టెక్సాస్‌లో చదువుకుంటూ పాతకారు కొని, అందులో వేసవంతా మంచినీళ్లు పోసుకుంటూ నడిపి, ఉద్యోగం వచ్చిందని డిసెంబరులో ఆ కారుతోనే మినియాపొలిస్ చేరిన పిల్లను ఊహించుకోండి. థర్మోస్టాట్ తలుపు మూసివున్నంతసేపు పెద్ద రేడియేటరులో నీళ్లు కదలవు. వాటికి ఎదురుగా మంచుగాలి. అవి అక్కడే గడ్డకడతాయి. తలుపు తెరుచుకున్నా దారి లేదు, ఇంజను ఉడుకుతుంది. రాత్రంతా బయట వుంచితే ఇంకా ఘోరం. నీళ్లు గడ్డకట్టేటప్పుడు సుమారు నూటికి 9 పాళ్లు ఉబ్బుతాయి. ఫ్రీజరులో నిండా పెట్టిన గాజుసీసా పగిలినట్టు ఇనుప ఇంజనే పగలవచ్చు. గడ్డకట్టిన రేడియేటరు మీద మరిగే నీళ్లు పోయకూడదు. వెచ్చని షెడ్డుకు లాగించుకుపోయి మెల్లగా కరగనివ్వడమే మార్గం.

అందుకని కూలంటు పాళ్లు తెలుసుకోవాలి. చాలా కార్లలో వాడే ఎథిలీన్ గ్లైకాల్ సగం, శుద్ధిచేసిన నీళ్లు సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీలదాకా గడ్డకట్టదు. మరి నీళ్లు కలపకుండా అంతా గ్లైకాలే పోస్తే ఇంకా మంచిది కాదా అని అడుగుతారు. కాదు. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. ఆవకాయలో ఉప్పు ఎక్కువైతే ఇంకా బాగా నిలవుంటుంది కదా అని దోసిళ్లతో పోస్తామా? పాళ్లు చూసే చిన్న సాధనం కారు సామాన్ల దుకాణంలో చవకగా దొరుకుతుంది. చలికాలం రాకముందే ఒకసారి చూడండి. ఆకుపచ్చ, నారింజ, గులాబి అంటూ రకరకాల రంగుల్లో కూలంటు వస్తుంది. రంగు కలిస్తే రకం కలిసినట్టు కాదు, కారు పుస్తకంలో రాసినదే పోయాలి. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా వుండే విషం. నేలమీద ఒలికితే పిల్లలూ కుక్కలూ నాకుతారు, కొద్దిగా కడుపులోకి పోయినా మూత్రపిండాలు చెడిపోయి ప్రాణంమీదికి వస్తుంది. ఒలికినది వెంటనే కడిగేయాలి.

రేడియేటరు మూత సంగతి మీకు వేరే చెప్పాలా? రోజూ ప్రెషరు కుక్కరుతో పనిచేసేవాళ్లం. కుక్కరు ఆవిరి దిగకుండా మూత తీయం కదా. ఇదీ అంతే. లోపలి వత్తిడివల్ల కూలంటు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా వుంటుంది, మూత తిప్పగానే ఒక్కసారిగా మొహంమీదికి ఎగజిమ్ముతుంది. ఇంజను పూర్తిగా చల్లారాకనే మూత ముట్టుకోవాలి.

పక్కసీట్లో కూర్చునే అమ్మలు చేయగల సాయం ఒకటుంది. కారులో పాకం వాసనలాంటి తియ్యటి వాసన వస్తుంటే, ముందద్దం లోపలివైపు తుడిచినకొద్దీ జిడ్డుగా పొర కడుతుంటే, కాళ్లకింద కార్పెట్టు తడిగా వుంటే, హీటరు కోర్ కారుతోందన్నమాట. నడిపేవాళ్లకంటే ముందు మీకే తెలుస్తుంది. ఉత్త ఆవిరి పట్టడం వేరు. లోపలిగాలే మళ్లీ తిరిగే మీట నొక్కివుంటే మన ఊపిరి తేమంతా అద్దానికి పడుతుంది. బయటిగాలి వచ్చేటట్టు మార్చి, చలికాలమైనా సరే ఏసీ కూడా వేస్తే గాలి పొడిబారి అద్దం తేటపడుతుంది. అద్దమంటే గుర్తొచ్చింది. 1903లో ముందద్దం తుడిచే వైపరుకు పేటెంటు పొందినది అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్. న్యూయార్కులో మంచు పడుతున్నరోజున ట్రాం డ్రైవరు అవస్థ చూసి ఆలోచన చేసిందావిడ. కార్ల విషయం ఆడవాళ్లకెందుకు అనేవారికి ఆ పేరు చెప్పండి.

చలిపొద్దున పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి రావడం మామూలే. ఇంజను వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ వస్తూ తియ్యటి వాసన వేస్తే, కూలంటు ఇంజను లోపల కాలుతోంది, హెడ్ గాస్కెట్ పోయివుండవచ్చు. ఆయిలు మూతకింద మీగడలాంటి నురగ కనిపిస్తే కొందరు మెకానిక్కులు అదే రుజువంటారు. రోజూ రెండు మైళ్లు మాత్రమే నడిపే కారులో చలికాలం తేమవల్ల కూడా ఆ నురగ పడుతుంది. అదొక్కటే చూసి ఒప్పుకోకండి.

ఎలక్ట్రిక్ కార్లకు ఇంజను వేడి లేదు కనుక ఈ గొడవలు చాలావరకు లేవు. హీటరుకు వేడి బ్యాటరీనుంచే రావాలి, ఆ మేరకు నడిచే దూరం తగ్గుతుంది. ఇంటిదగ్గర ప్లగ్గులో వుండగానే కారు వెచ్చబెట్టుకుని బయలుదేరితే కొంత కలిసొస్తుంది.

మంచులో దారిమధ్య చిక్కుకుంటే కారు వదిలి నడిచిపోకండి. వెచ్చదనంకోసం గంటకు పది నిమిషాలు ఇంజను తిప్పుకోవచ్చు, కాని తిప్పే ప్రతిసారీ ముందు వెనకకు వెళ్లి పొగగొట్టం చుట్టూ మంచు తీసేయాలి, కిటికీ కొద్దిగా దించాలి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంటికి అంటుకునివున్న గారేజీలో, తలుపు తెరిచినా సరే, కారు వేడెక్కించుకోకూడదు.

మెకానిక్కు దగ్గరికి వెళ్లినప్పుడు "హీటరు పనిచేయడంలేదు" అని ఊరుకోకండి. ముల్లు ఎక్కడుంది, ఎన్ని నిమిషాలకు, ఆగినప్పుడా పోతున్నప్పుడా, నేలమీద చుక్కలున్నాయా, ఇవన్నీ కాగితంమీద రాసి ఇవ్వండి. మా మేనకోడలు ఆ చలిదేశంలోనే వుంటోంది. సిగ్నలు దగ్గర హీటరు చల్లబడుతోందని ఒక షెడ్డుకు వెడితే, డాష్‌బోర్డంతా విప్పి హీటరు కోర్ మార్చాలి, పెద్ద ఖర్చవుతుందన్నారు. సీసాలో కూలంటు గీతదాకా వుంది కనుక అది తక్కువైవుండదన్నారు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. మూత పాడైతే సీసా నిండుగా వుండి రేడియేటరు ఖాళీగా వుండవచ్చు. ఇంకో షెడ్డుకు వెళ్లి, పొద్దున్నే కారుకింద రెండు మూడు గులాబిరంగు చుక్కలుంటున్నాయి, సాయంత్రం వుండడంలేదు అని చెప్పింది. అతను వెంటనే పట్టుకున్నాడు. కారును రాత్రంతా బయట చలిలో వుంచి, పొద్దున ఇంజను చల్లగా వుండగా పంపుతో వత్తిడి పెట్టి చూశాడు. చలికి రబ్బరు కుంచించుకుని, గొట్టం బిగించే పట్టీ దగ్గర కారుతోంది. వేడెక్కగానే రబ్బరు ఉబ్బి కారడం ఆగిపోతోంది. పట్టీ, మూత రెండూ మార్చి, కూలంటు నింపి, లోపల చిక్కుకున్న గాలి తీసేశాడు. డాష్‌బోర్డు ముట్టుకోవలసిన అవసరమే రాలేదు.